పదిహేడు సాయంత్రాలు

కిందటి వారం మనం నాగవేణిని వదిలి వచ్చేసరికి, గంగులపాలెం నేతగాళ్ళ వీధిలో, తన ఇంటి వసారాలో, సెల్లు పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. ఆ రోజు అమావాస్య. మగ్గానికి సెలవు. మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు చిన్ని గడప పక్కన కూర్చుని, ఒళ్ళో కనకాంబరాలు పోసుకుని, మగ్గానికి వెయ్యడానికి మాల కడుతోంది. అమావాస్య పూట దీపాల వేళకి ఆడపిల్ల గడప దాటకూడదని నానమ్మ పట్టుబట్టడంతో ఆ సాయంత్రం బళ్ళో కంప్యూటరు క్లాసుకి పిల్ల వెళ్ళలేదు. సరిగ్గా అయిదూ మూడు నిమిషాలకి సెల్లు టింగుమంది. బడి నుంచి మెసేజి. 'మీ అమ్మాయి చిన్ని ల్యాబుకు చేరుకుంది.'

నాగవేణి మెసేజి చూసింది. పిల్లని చూసింది. పిల్ల దారం పళ్ళతో కొరికి తెంపుతోంది. మరి ల్యాబుకు చేరుకున్నది ఎవరు?

ఆ రాత్రి ఆమెకి కన్ను మూతపడితే ఒట్టు.

నాగవేణి చదివింది ఏడో తరగతి. భయపడడంలో మాత్రం చాలా పెద్ద చదువే చదివింది. పిల్ల ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆమెకి కాలువ గుర్తొస్తుంది. పది నిమిషాలైతే చల్లపల్లి రోడ్డు మీద వెళ్ళే ఇసక లారీ గుర్తొస్తుంది. పావుగంట దాటిందంటే ఇక గుర్తు రావడానికి ఏమీ మిగలదు, చెప్పులేసుకుని బయల్దేరుతుంది. అలాంటి మనిషి ఊళ్ళోకి ఆర్నెల్ల కిందట ఈ నెట్టు చదువు వచ్చింది. బడి గోడలకి దీపాలు మిణుకుమిణుకుమనే పెట్టెలు బిగించారు. ఒక గదికి ల్యాబు అని పేరు పెట్టి గోడంత తెర తగిలించారు. విజయవాడలో కూర్చున్న లెక్కల మాస్టారు ఒకేసారి మూడు ఊళ్ళ బళ్ళలోని పిల్లలకి పాఠం చెబుతాడు. ఈ ఊరి పిల్ల అడిగిన దానికి ఇంకో ఊరి పిల్లాడు జవాబు చెబుతాడు. తొమ్మిదో తరగతిలో బాగా చదివే పద్నాలుగు మందిని ఏరి, రోజూ అయిదింటి నుంచి ఆరున్నర దాకా ఆ క్లాసు పెట్టారు. తలా ఒక ట్యాబు ఇచ్చారు, మెళ్ళో ఒక కార్డు వేశారు. ఆ కార్డు ల్యాబు తలుపు దగ్గర తాకిస్తే చేరుకుందని, తాకించకపోతే రాలేదని తల్లి సెల్లుకి మెసేజి వస్తుంది.

ఊరంతా మురిసిపోయింది. నాగవేణి మాత్రం ఆ ట్యాబు నెత్తిన ఉన్న చిన్న కన్నుని చూసి జడుసుకుంది. అది ఎటు చూస్తుందో, ఎవరికి చూపిస్తుందో. రోజూ పడుకునే ముందు దాన్ని బియ్యం డ్రమ్ములో పెట్టి, మూత బిగించి, మూత మీద కత్తిపీట పెట్టేది. మొత్తం ఆ ఏర్పాటులో ఆమెకి నచ్చింది ఒక్కటే, ఆ మెసేజి. అది వచ్చిందంటే పిల్ల కాలువ దాటింది, రోడ్డు దాటింది, నాలుగు గోడల మధ్యకి చేరింది. అప్పుడు గానీ ఆమె గొంతులోకి టీ దిగేది కాదు.

ఇప్పుడు ఆ మెసేజే ఆమెకి అబద్ధం చెప్పింది.

మొగుడు కోటిలింగానికి చెబితే పెద్దగా నవ్వాడు. "మిషను కదే, తప్పు కొట్టుంటది. దానికోసం బడికి పోతావా ఏంటి? నలుగురూ నవ్వుతారు. వద్దులే" అన్నాడు. మామూలుగా అయితే అతను దేనికీ వద్దనడు. చీర కొంటానన్నా సరేనంటాడు, గొడవ పడతానన్నా సరేనంటాడు. అందుకే ఆ 'వద్దులే' ఆమె చెవిలో ఇసక రేణువులా ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి, పిల్ల బడి నుంచి వచ్చి టీ తాగుతుంటే, నాగవేణి మినప్పప్పు సంచి చంకలో పెట్టుకుంది.

"పిండి మరకి పోయొస్తా. నువ్వు క్లాసుకి జాగర్తగా పో."

"పోతాలేమ్మా. రోజూ పోవట్లా?" అంది పిల్ల, గ్లాసులోంచి తలెత్తకుండానే.

మర దాకా వెళ్ళి, మర దాటి, సంచి అలాగే చంకలో పెట్టుకుని బడి గేటు తోసింది నాగవేణి. ఈ బడిలోకి ఆమె అడుగుపెట్టడం ఇదే మొదలు. మీటింగులకి ఎప్పుడూ కోటిలింగమే వచ్చేవాడు. వరండాలో ఒక ముప్పై ఏళ్ళ మనిషి నిచ్చెనెక్కి పెట్టెకి తీగ బిగిస్తున్నాడు. భానుచందర్. విజయవాడ వన్ టౌన్ నుంచి వారానికి నాలుగు రోజులు మోటారు సైకిలు మీద వచ్చి ఈ పెట్టెల పని చూసేది అతనే. ఆర్నెల్ల కిందట పంచాయితీ ఆఫీసులో బల్లేసుకుని పిల్లల పేర్లూ తల్లుల ఫోను నంబర్లూ రాసుకున్నదీ అతనే.

"ఏం కావాలక్కా?" అన్నాడు పైనుంచి.

"నాకు తమ్ముళ్ళు ముగ్గురున్నారు బాబూ. నాలుగోవాడు అక్కర్లేదు. హెడ్ మేడం గారున్నారా?"

అతను స్క్రూడ్రైవరుతో ఎడం పక్క గది చూపించాడు.

హెడ్ మిస్ట్రెస్ పద్మావతమ్మ గారు యాభై దాటిన మనిషి. ఇస్త్రీ మడత చెదరని చీర, మెళ్ళో కళ్ళజోడు గొలుసు. ఈ బడికి నెట్టు రావాలని ఏడాదిపాటు ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. నాగవేణిని చూసి కుర్చీ చూపించింది.

"కూర్చోండమ్మా. ఎవరి తాలూకు?"

"చిన్ని వాళ్ళ అమ్మనండీ. తొమ్మిదో తరగతి."

"చిన్నినా?" ఆవిడ మొహం విప్పారింది. "మంచి పిల్లని కన్నారమ్మా. నిన్న మాస్టారు ఇచ్చిన లెక్క మూడు బళ్ళ పిల్లల్లోకీ ముందు చేసింది మీ అమ్మాయే. ఆయన విజయవాడలో చప్పట్లు కొడితే మాకిక్కడ వినిపించాయి. నేను వెనకాలే నిలబడి చూశాను."

నాగవేణి సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "నిన్నా అండీ?"

"నిన్నే."

"నిన్న సాయంత్రం మా చిన్ని ఇంట్లో నా ఎదురుగా కూర్చుని మాల కట్టిందండి. అమావాస్యని మా అత్తగారు పంపనివ్వలా. నేను చూస్తుండగానే మీ మెసేజి వచ్చింది, చేరుకుందని."

పద్మావతమ్మ గారు ఓపిగ్గా నవ్వింది. చిన్నపిల్లలకి కూడికలు చెప్పేటప్పుడు నవ్వే నవ్వు. "మీరు రోజు పొరబడుంటారమ్మా. కార్డు తాకించినట్టు రికార్డుంది. మనుషులు మరిచిపోతారు గానీ ఆ పెట్టె మరిచిపోదు."

"కన్నపిల్ల ఎదురుగా ఉందో లేదో నేను మరిచిపోతానా అండీ?" నాగవేణి గొంతు పెరిగింది. "ఎవరో నా కూతురి పేరు చెప్పుకుని ఇక్కడికొస్తున్నారు. లేదా ఎవరో ఎవరినో నా కూతురి పేరు మీద రప్పిస్తున్నారు. సాయంత్రం పూట ఇక్కడ టీచర్లెవరూ ఉండరంట. మాస్టారేమో తెరలో ఉంటాడు. బయటుండే మగమనిషి ఒక్కడేనంట."

గుమ్మంలో అలికిడైంది. భానుచందర్ తీగ చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"ఆ మగమనిషిని నేనేనాండీ?"

"నువ్వు కాకపోతే నీ నిచ్చెనా?"

"భానూ, నువ్వుండు" అంది పద్మావతమ్మ గారు. నవ్వు మాయమైంది. "ఇదిగో చూడమ్మా. మీ భయం నాకు అర్థమైంది. కానీ ఇలా ప్రతిదాన్నీ, ప్రతివాళ్ళనీ అనుమానిస్తే మన పల్లెలకి ఏ మంచీ రాదు. ఈ కుర్రాడు పండక్కి కూడా ఇంటికి పోకుండా పిల్లల కోసం పని చేశాడు. అనుమానం ఒక జబ్బు. రండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని. అయిదూ పదైంది, మీ చిన్ని లోపలే ఉంటుంది."

ముగ్గురూ వరండా వెంట నడిచి ల్యాబు కిటికీ దగ్గర ఆగారు. లోపల పిల్లలు చెవులకి నల్ల డొప్పలు పెట్టుకుని వరసల్లో కూర్చున్నారు. తెర మీద ఒక మూల లెక్కల మాస్టారు, మిగతా గడుల్లో వేరే ఊళ్ళ పిల్లలు. ఎవరో ఏదో అన్నట్టున్నారు, మూడు బళ్ళ పిల్లలూ ఒక్కసారే నవ్వారు. నాగవేణికి ఒక్క క్షణం ఆ నవ్వు ముచ్చటగా అనిపించింది. మరుక్షణమే ఆ మొహాల్లో తన పిల్ల మొహం వెతుక్కుంది. మొదటి వరస. రెండో వరస.

"అదుగో, మూడో వరసలో రెండు జడలు" అంది పద్మావతమ్మ గారు.

నాగవేణి చూసింది. చామనఛాయ, చురుకైన కళ్ళు, మెళ్ళో కార్డు పక్కనే నల్లదారానికి చిన్న శిలువ.

"అది తెరేసమ్మ కూతురండీ. రొయ్యల చెరువుల మీద పనికి పోతుందే, ఆ తెరేసమ్మ."

"అవును. చిన్ని."

"చిన్ని మా పిల్లండీ."

"ఈ పిల్లకి రిజిస్టరులో కూడా చిన్ని అనే ఉందమ్మా. తెరేసమ్మ ఆ పేరే రాయించింది." ఆవిడ కళ్ళజోడు తీసి నాగవేణిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "మీ అమ్మాయి అసలు పేరేంటి?"

నాగవేణి సంచిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"బళ్ళో రాయించిన పేరమ్మా. చెప్పండి."

"మా అత్తగారి పేరండీ."

"సరే. ఏంటది?"

"నోటితో అనకూడదండీ."

పెళ్ళయి పదహారేళ్ళలో ఆ పేరు నాగవేణి నాలుక మీదికి ఒక్కసారి కూడా రాలేదు. అత్త పేరు కోడలు పలికితే అత్తకి ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ వాడకట్టులో నమ్మకం. ఆడపిల్ల పుట్టగానే ఇలవేల్పు పేరూ కలిసొస్తుంది, మా అమ్మ పేరూ నిలుస్తుంది అని కోటిలింగం తల్లి పేరే పెట్టాడు. ఆ రోజు నుంచీ అందరూ పిల్లని ఆ పేరుతోనే పిలిచారు, నాగవేణి ఒక్కదానికే అది చిన్ని అయింది. ఆర్నెల్ల కిందట పంచాయితీ ఆఫీసులో భానుచందర్ 'అమ్మాయి పేరు?' అని అడిగినప్పుడూ, అత్తగారు పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉండగా, ఆమె నోట వచ్చింది అదొక్కటే.

"ఆవిడ పోయారా?" అని మెల్లగా అడిగింది పద్మావతమ్మ గారు.

"లేదండీ. అరుగు మీద కూర్చుని వేపుడు శనగలు తింటన్నారు."

భానుచందర్ మొహం అటు తిప్పుకున్నాడు. పద్మావతమ్మ గారు చేతిలో ఉన్న డైరీ తెరిచి పెన్ను అందించింది. "పలకొద్దులే. రాయండి."

రాస్తే తప్పవునా కాదా అన్నది నాగవేణికి ఎప్పుడూ రాని సందేహం. కాసేపు తటపటాయించి, గోడకి ఆనించి, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాసింది. రాసి, డైరీ మూసి, అందులో అత్తగారే కూర్చున్నట్టు రెండు చేతులతో అందించింది.

పద్మావతమ్మ గారు తెరిచి చదివింది. చౌడేశ్వరి.

ఆవిడ చాలాసేపు ఆ పేజీ వైపే చూసింది. ఆ చూపు నాగవేణికి నచ్చలేదు. డాక్టర్లు కాగితం చూసి మనిషి వైపు చూడకుండా ఆగుతారే, అలాంటి చూపు.

"కోటిలింగం గారి అమ్మాయా?" అంది చివరికి. "మీరు ఆ చౌడేశ్వరి తల్లా?"

"అవునండీ."

"అమ్మా, ఆ పిల్ల ఈ క్లాసుకి రావడం మానేసింది కదా. నిన్నటి అమావాస్య లెక్క వెయ్యకుండానే పదిహేడు రోజులైంది."

"రోజూ వస్తందండీ" అంది నాగవేణి. "నేనే టీ ఇచ్చి పంపిస్తన్నా. ట్యాబు సంచిలో పెట్టుకుని, పావు తక్కువ అయిదుకల్లా..."

మాట మధ్యలో తెగింది. పద్మావతమ్మ గారు ఆమె మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా నడిపించి, తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. భానుచందర్ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత తన ల్యాప్‌టాప్ తెరిచి ఏవో వరసలు కిందికి జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"తప్పు నాదే మేడం" అన్నాడు. "పంచాయితీ ఆఫీసులో ఇద్దరు తల్లులు చిన్ని అని చెప్పారు. బడి రిజిస్టరులో ఒక్క చిన్నే ఉంది. మిగిలిన నంబరు చౌడేశ్వరిదై ఉంటుందని వేసేశాను. ఏది ఎవరిదో అడగలేదు. వీళ్ళ నంబరు ఆ చిన్నికి పడింది. తెరేసమ్మ గారిది వీళ్ళమ్మాయికి."

నాగవేణి ఆ మాటల్ని లోపల మెల్లగా అమర్చుకుంది. పోగు పక్కన పోగు. అంటే తెరేసమ్మ కూతురు కాలువ దాటితే తన గుండె కుదుటపడింది. తెరేసమ్మ కూతురు నాలుగు గోడల మధ్యకి చేరితే తను ఇంట్లో టీ తాగింది. ఒకటి కాదు, పదిహేడు సాయంత్రాలు.

"మా పిల్ల రాలేదని చెప్పే మెసేజిలు ఎటు పోయాయి మరి?"

"తెరేసమ్మ గారి ఫోనుకి. ఆవిడకి చదువు రాదు కదండీ. కంపెనీ వాళ్ళ మెసేజిలు అనుకుని ఉంటారు."

నాగవేణి పద్మావతమ్మ గారి వైపు తిరిగింది. "పదిహేడు రోజులు రాకపోతే ఒక్కసారి ఇంటికి కబురు పెట్టరా అండీ? నాలుగు వీధుల అవతలే కదా మేము."

ఆవిడ బీరువా వైపు చూసింది. "వెనకటికైతే పెట్టేవాళ్ళమే" అంది. "ఈ మెసేజిలు వచ్చాక కబుర్లు పెట్టడం మానేశాం. పైగా..." లేచి బీరువా తెరిచి, ఒక ఫైలు తీసి, అందులోంచి రూళ్ళ కాగితం ఒకటి లాగింది. "ఇది వచ్చింది. మీ ఇంటి నుంచే. మీకు తెలిసే రాశారనుకున్నాను."

నాలుగే వాక్యాలు. మగ్గం పని ఎక్కువగా ఉన్నందున మా అమ్మాయి చౌడేశ్వరిని సాయంత్రం క్లాసు మానిపిస్తున్నాము. ఇంట్లో సాయం కావాలి. దయచేసి మన్నించాలి. ఇట్లు, కోటిలింగం.

మగ్గం పని. ఆ పిల్ల మగ్గం గుంటలో కాలు పెట్టి రెండేళ్ళు దాటింది. నాగవేణే పెట్టనివ్వదు. నీ చేతులకి కలం అలవాటవ్వాలే గానీ మగ్గంలో ఆడే నాడె కాదే అని తిట్టి లేపుతుంది. పిల్ల రాసి తండ్రి సంతకం గీకిందేమోనని ఒక ఆశ పుట్టింది. కాగితం వెలుతురులోకి తిప్పింది. సంతకం చివర సున్న మీంచి గీత వెనక్కి లాగి, తెగిన పోగుకి ముడేసినట్టు మెలిపెట్టి ఉంది. అలా మెలిపెట్టేది ఒక్కడే. పదహారేళ్ళుగా బ్యాంకు కాగితాల మీద, రేషను కాగితాల మీద ఆ ముడిని చూస్తూనే ఉంది.

'దానికోసం బడికి పోతావా ఏంటి? వద్దులే.'

చెవిలో ఇసక రేణువు కదిలింది.

"ట్యాబు?" అంది నాగవేణి. "ట్యాబు రోజూ పట్టుకుపోతంది. క్లాసుకి రాని పిల్లకి ట్యాబుతో ఏం పని?"

భానుచందర్, పద్మావతమ్మ గారు ఒకరినొకరు చూసుకున్నారు.

"దానికి సిమ్ము లేదండీ" అన్నాడు అతను. "మన పెట్టెలకి దగ్గర్లో ఉంటేనే పని చేస్తుంది. పని చేస్తుంటే ఏ పెట్టె దగ్గరుందో ఇక్కడ తెలుస్తుంది. కానీ పిల్లలు ఎక్కడెక్కడున్నారో మేం చూడకూడదని రూలు. ఇప్పటిదాకా నేనెప్పుడూ తెరిచి చూడలేదు."

"తెరువు" అంది నాగవేణి.

అతను హెడ్ మేడం వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

తెర మీద మూడు గడులు వచ్చాయి. మొదటిది ల్యాబు. అందులో పచ్చ చుక్కలు గుంపుగా ఉన్నాయి. రెండోది ఈ గదికి ఆనుకున్న స్టాఫు రూము. ఒక చుక్క, పద్మావతమ్మ గారి ఫోనుది. మూడో గడిలో రెండు చుక్కలున్నాయి. భానుచందర్ వేలు ఒకదాని దగ్గర ఆగింది.

"ముప్పై ఒకటో నంబరు ట్యాబు. మీ అమ్మాయిదే. రోజూ అయిదు ప్రాంతంలో వెలుగుతోంది, ఆరున్నరకి ఆరుతోంది. నిన్న తప్ప పదిహేడు రోజుల నుంచీ."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉంది."

"ఎక్కడయ్యా?"

"సొసైటీ మేడండీ. మీ వీధిలోది."

నాగవేణికి ముందు అర్థం కాలేదు. పామర్రు రోడ్డు స్తంభాల మీదుగా వచ్చిన తీగని కాలువ దాటించలేక, వీధిలో ఎత్తుగా ఉందని పాత చేనేత సొసైటీ మేడ మీద ఒక గొట్టం, బడి మీద ఒక గొట్టం ఎదురెదురుగా నిలబెట్టారని, అక్కడి నుంచే నెట్టు గాల్లోంచి బడికి వస్తుందని భానుచందర్ చెబుతూనే ఉన్నాడు. ఆమెకి వినబడుతున్నది ఒక్కటే. సొసైటీ మేడ. మూతబడి మూడేళ్ళయింది. కింద గదిలో విరిగిన మగ్గాలు, ఎలకలు. తన ఇంటికి అయిదిళ్ళ అవతల. పొద్దున నీళ్ళకి వెళ్ళేటప్పుడు ఒకసారి, సాయంత్రం పాలకి వెళ్ళేటప్పుడు ఒకసారి దాని ముందు నుంచే నడుస్తుంది. ఇన్నాళ్ళూ ఆమె భయాలన్నీ దూరంగా ఉండేవి, కాలువ దగ్గరా రోడ్డు మీదా. అయిదిళ్ళ అవతల భయపడాలని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

"దానికి తాళం ఉంటది" అంది.

"ఉందండీ. తాళంచెవులు రెండు. ఒకటి ఇదుగో." భానుచందర్ నడుముకి ఉన్న గుత్తి చూపించాడు. "కరెంటు పోయొచ్చినప్పుడు పెట్టె ఆపి మళ్ళీ వెయ్యాలి. ప్రతిసారీ నేను విజయవాడ నుంచి రాలేను కదా. అందుకని వీధిలో నమ్మకమైన మనిషికి రెండోది ఇచ్చాను."

ఎవరికి అని ఆమె అడగలేదు. అతనే చెప్పాడు, నేల చూపులు చూస్తూ.

"కోటిలింగం గారికి. పెట్టె చూసుకోవడానికి వీలుగా ఆయన ఫోనులో పాస్‌వర్డు కూడా వేసిచ్చాను. ఈ రెండో చుక్క ఆయన ఫోనేనండీ."

ఫ్యాను కిర్రుమంటోంది. వరండా అవతల పిల్లలు మళ్ళీ నవ్వారు. నాగవేణి సంచిలోంచి సెల్లు తీసింది. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి కలిపింది. అటు మూడు రింగులయ్యాక ఎత్తాడు.

"ఏమయ్యా, ఎక్కడున్నావ్?"

"పామర్రే. నూలు కోసం షావుకారు దగ్గరికొచ్చా. బస్టాండులో నిలబడ్డా. ఏంటి?"

ఆమె చెవి సెల్లుకి అదుముకుంది. బస్టాండులో ఉండే హారన్లు లేవు, కేకలు లేవు. అతని మాట ఖాళీ గదిలో మాట్లాడితే మోగినట్టు మోగుతోంది.

"ఏం లేదు. మరలో ఉన్నా. జనం ఎక్కువున్నారు. ఆలస్యమవుద్ది."

"పర్లేదు. నిదానంగా రా."

పెట్టేశాడు. పదహారేళ్ళ కాపురంలో అతను ఆమెని నిదానంగా రమ్మనడం ఇదే మొదటిసారి. మొగుడూ పెళ్ళాలిద్దరూ అబద్ధమే చెప్పుకున్నారు. ఆమెది అతనికి తెలియదు. అతనిది ముగ్గురి ఎదుటా తెర మీద పచ్చగా వెలుగుతోంది.

"తండ్రి దగ్గరే కదమ్మా ఉంది" అంది పద్మావతమ్మ గారు, ఓదార్పుగా. "బయటివాళ్ళెవరూ లేరు. ఏదో ఉంటుంది. మీరు ఇల్లు చేరాక కూర్చోబెట్టి నిదానంగా..."

"ఆ మాట అనకండి" అంది నాగవేణి.

తండ్రి దగ్గరుంటే తల్లి దగ్గర దాచడం ఎందుకు? మెసేజి తారుమారైన సంగతి వాళ్ళకీ తెలియదు గదా. అసలు రోజూ తన సెల్లుకి మెసేజి వస్తుందో లేదో అని ఆ ఇద్దరికీ ఏ దిగులూ లేదా? ఉండే ఉంటుంది. మొదటి రోజు భయపడుంటారు. అమ్మ ఏమీ అనలేదు. రెండో రోజూ అనలేదు. ఎందుకో తెలియకపోయినా, తమ అదృష్టం అనుకుని సాగిపోయుంటారు. మొన్నటికి మొన్న తనే పిల్లతో అంది, 'ఇవాళ రెండు నిమిషాలు లేటుగా చేరావే' అని. పిల్ల ఒక్క క్షణం తన వైపు వింతగా చూసి, 'ఆ, చెప్పు తెగిందమ్మా' అంది. తడుముకోకుండా. పద్నాలుగేళ్ళ పిల్ల.

నాగవేణి లేచింది. సంచి కింద పడింది, వంగి తీసుకోలేదు.

"ఆగండక్కా" అన్నాడు భానుచందర్.

ఈసారి ఆ పిలుపుకి ఆమె ఏమీ అనలేదు. అతను తెర మీదికి వంగి, మూడో గడినే చూస్తున్నాడు.

సొసైటీ మేడ గడిలో మూడో చుక్క వెలిగింది.

"ఎవరిదది?" అంది నాగవేణి.

"తెలీదండీ. ఇది మన ట్యాబు కాదు. ఎవరిదో ఫోను. ఇప్పుడే లోపలికి వచ్చింది." కీలు నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. చెవుల దగ్గర చెమట కనిపించింది. "మేడం, ప్రతి పాస్‌వర్డు ఎవరికిచ్చానో నా దగ్గర లిస్టుంది. ఇది మీ పాస్‌వర్డుతో వచ్చింది."

"నా ఫోను ఇదుగో, బల్ల మీదే ఉంది" అంది పద్మావతమ్మ గారు. "తప్పు చూపిస్తోందేమో. సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశాను మేడం."

నాగవేణి గుమ్మంలోనే నిలబడి ఆవిడ మొహం చూసింది. ఇందాక కాగితం చదివి తన వైపు చూడకుండా ఆగిన కళ్ళు ఇప్పుడు ఎవరి వైపూ చూడడం లేదు. ఆవిడ ఫోను తీసి ఎవరికో కలిపింది. చెవి దగ్గర పెట్టుకుంది. అటు నుంచి ఎవరో మాట్లాడినట్టున్నారు. "ఎంతవరకు వెళ్ళారు?" అని అడిగింది. విన్నది. "సరే. చేరాక భోంచేసి పడుకోండి" అని పెట్టేసింది.

కళ్ళజోడు గొలుసు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు నిలబడింది. తర్వాత బీరువాకి తాళం వేసి, చెప్పులు వేసుకుంది.

"పదండమ్మా. నేనూ వస్తాను."

"ఎవరండీ అది?"

"ఆ పాస్‌వర్డు నేను చెప్పింది ఒక్క మనిషికే" అంది పద్మావతమ్మ గారు. "మా వారికి. సూర్యాపేట దాటానంటున్నారు. మధ్యాహ్నం ఆయన్ని హైదరాబాదు బస్సు నేనే ఎక్కించి వచ్చాను."